పొద్దున్నే మొరాయించే కంప్యూటర్

మా బేస్‌మెంట్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది. 2014లో థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొన్న నల్లటి పెద్ద డబ్బా. ఇంట్లోకి ఎన్ని ఫోన్లు, ఎన్ని లాప్‌టాప్‌లు వచ్చినా పిల్లల ఫోటోలు, ట్యాక్సు కాగితాలు, తెలుగు బడి వర్క్‌షీట్లు అన్నీ అందులోనే. కిందటి డిసెంబర్ నుంచి అది మొండికెయ్యడం మొదలుపెట్టింది.

బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరుగుతుంది, విండోస్ గుర్తు వస్తుంది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. అంతలో ఉన్నట్టుండి తెర నల్లబడి మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కోరోజు నీలం తెర మీద ఏడుపు మొహం కనిపిస్తుంది. రెండోసారో మూడోసారో నొక్కితే మాత్రం ఏమీ ఎరగనట్టు లేచి, రాత్రిదాకా బుద్ధిగా పనిచేస్తుంది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే కథ.

"పదకొండేళ్ళయింది, ఇంకెంత కాలం వాడతావు? రీసైక్లింగ్‌కి ఇచ్చేసి కొత్తది కొనుక్కో" అన్నారు మా ఆయన. ఆయన పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లోనే. కానీ ఆఫీసు లాప్‌టాప్ పాడైతే ఇంకోటి ఇస్తారు కాబట్టి, పాడైనదాన్ని విప్పి చూసే ఓపిక ఆయనకి లేదు.

నా బాధ వేరు. అందులో 'నాన్న' అని ఒక ఫోల్డర్ ఉంది. 2016లో అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గరున్నారు. అప్పుడు నాన్న ఇదే కంప్యూటర్ ముందు కూర్చుని, మనవడి కోసం తన చిన్నప్పటి కబుర్లు రికార్డు చేశారు. కాలవలో ఈత, వరి కోతలు, సైకిలు మీద హైస్కూలుకి వెళ్ళడం. మొత్తం పదకొండు రికార్డింగులు. నాన్న పోయి ఐదేళ్ళు దాటింది. ఆ పదకొండూ ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతుక్కుంటే, లేవు. ఇన్నేళ్ళు ఆ పని ఎందుకు చెయ్యలేదో నాకే తెలియదు.

కాబట్టి రిపేరు సంగతి తర్వాత, మొదట కాపీ. కంప్యూటర్ లేచిన రోజున ఇంకేమీ ముట్టుకోకుండా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి నాన్న ఫోల్డర్, తర్వాత ఫోటోలు, తర్వాత కాగితాలు ఎక్కించాను. నాన్న ఫోల్డర్‌ని క్లౌడ్‌లో కూడా పెట్టాను. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి ఇంటి బయట. కంప్యూటర్ తెలిసినవాళ్ళు చెప్పే సూత్రం ఇదే. మీ కంప్యూటర్ అసలు లేవకపోయినా కంగారు పడకండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్ళు చదవచ్చు. బిట్‌లాకర్ పెట్టుకుని ఉంటే మాత్రం దాని రికవరీ కీ కావాలి. అది ఎక్కడుందో ఇవాళే చూసుకోండి.

కాపీ అయ్యాక ధైర్యం వచ్చింది. ధైర్యంతోపాటు తొందర కూడా వచ్చింది. ఒక శనివారం డబ్బా విప్పి దుమ్ము దులిపాను, మదర్‌బోర్డు మీది నాణెంలాంటి బ్యాటరీ మార్చాను, మెమరీ కడ్డీలు తీసి మళ్ళీ గుచ్చాను, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. అన్నీ ఒకే పూట. మూడు రోజులు చక్కగా లేచింది. మా ఆయన ముందు కాస్త గొప్పలు కూడా పోయాను. నాలుగో రోజు పొద్దున మళ్ళీ నీలం తెర.

అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఉన్న రీఏజెంట్లన్నీ ఒకే టెస్ట్‌ట్యూబ్‌లో పోసేస్తే రంగు మారుతుంది గానీ, దేనివల్ల మారిందో తెలియదు. ముందు ప్రాథమిక పరీక్షలు, తర్వాత ఒక్కో గ్రూపు, చివర నిర్ధారణ పరీక్ష. ప్రతిదీ రికార్డులో రాయాలి. ఆ పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదు? పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసి గళ్ళు గీశాను. తేదీ, ఎన్ని గంటలు ఆపి ఉంచాను, బేస్‌మెంట్‌లో ఎంత చలి, ఏం మార్చాను, ఏమైంది.

ముందు ప్రాథమిక పరీక్షలు. నీలం తెర చదివేలోపే మాయమవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్కు తీసెయ్యాలి. అప్పుడు తెర నిలబడుతుంది. కింద ఉన్న కోడ్ రోజూ రాసుకున్నాను. ఒకరోజు మెమరీ పేరు, ఒకరోజు ఇంకేదో. రోజుకొకటి. ఇది మంచి ఆధారం. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు వస్తే సాధారణంగా ఏదో ఒక డ్రైవర్ మీద అనుమానపడాలి. రోజుకో రకం వస్తుంటే సామానులోనే లోపం ఉండొచ్చు, ముఖ్యంగా మెమరీలోనో కరెంటు సరఫరాలోనో.

స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని కొడితే ఒక గ్రాఫు వస్తుంది. ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే భయపడకండి. కంప్యూటర్ సరిగ్గా ఆగకుండా మళ్ళీ లేచింది అని మాత్రమే దాని అర్థం. ఎందుకో అది చెప్పదు. సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపితే కొన్ని పాడైన ఫైళ్ళు దొరికాయి, బాగుచేసింది. కానీ క్రాష్ ఆగలేదు. అంటే ఆ ఫైళ్ళు క్రాష్‌కి కారణం కాదు, ఫలితం. డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రాముతో చూస్తే డిస్క్ బాగానే ఉంది. సేఫ్ మోడ్‌లో కూడా పొద్దున మొదటిసారి పడిపోయింది కాబట్టి, యాంటీవైరస్‌నీ ప్రింటర్ డ్రైవర్‌నీ అనుమానించడం మానేశాను.

రెండు వారాలకి నోటుబుక్కే మాట్లాడింది. క్రాష్ అయిన రోజులన్నీ రాత్రంతా ఆపి ఉంచిన రోజులే. బేస్‌మెంట్ అరవై డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్న రోజులే. మాది మిషిగన్. జనవరిలో మా బేస్‌మెంట్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఆపి గంటలో మళ్ళీ పెడితే ఒక్కసారీ పడిపోలేదు. ఆ శనివారం రిపేరు తర్వాత మూడు రోజులు బాగా లేచిందన్నాను కదా, వాతావరణం వెనక్కి వెళ్ళి చూస్తే ఆ మూడు రోజులూ మంచు కరిగేంత వెచ్చగా ఉంది! నా పనితనం ఏమీ లేదన్నమాట.

సరే, ఒక రాత్రి డబ్బాని పైకి మోసుకొచ్చి వంటింట్లో పెట్టాను. పొద్దున టీవీకి తగిలించి నొక్కితే నిక్షేపంగా లేచింది. చలే కారణం అని తేల్చేస్తుంటే మా అబ్బాయి, "అమ్మా, ప్లగ్ కూడా మారింది కదా?" అన్నాడు. ఎనిమిదో క్లాసు వాడు. నిజమే, నేను మళ్ళీ రెండు మార్చాను! అందుకని రాత్రి వంటింట్లో వెచ్చగా ఉంచి, పొద్దున కిందికి తీసుకెళ్ళి బేస్‌మెంట్ ప్లగ్‌లో వెంటనే పెట్టాం. లేచింది. మర్నాడు తిరగేసి, రాత్రి బేస్‌మెంట్‌లో ఉంచి పొద్దున వంటింటి ప్లగ్‌లో పెట్టాం. పడిపోయింది. ప్లగ్ తప్పు లేదు, చలే.

చలికి వణికేది ఏ భాగం? మెమరీ కడ్డీలు రెండున్నాయి. విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్‌లో తప్పులేమీ రాలేదు గానీ, అది నడిచేసరికి కంప్యూటర్ వేడెక్కి ఉంటుంది. అందుకని ఒక్కో కడ్డీతోనే రెండేసి చల్లటి పొద్దుళ్ళు చూశాను. ఏది పెట్టినా పడిపోయింది. రెండూ ఒకేసారి ఒకేలా పాడవడం అరుదు. ఇక మిగిలింది పవర్ సప్లై, గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన వోల్టేజీలుగా మార్చే ఇనప డబ్బా.

ఇక్కడ నా కెమిస్ట్రీ పనికొచ్చింది. పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. చుట్టిన అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ద్రవం కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. దాంతో లోపలి నిరోధం పెరుగుతుంది. చలిలో ద్రవం చిక్కబడి అయాన్లు మెల్లగా కదులుతాయి కాబట్టి ఆ నిరోధం ఇంకా పెరుగుతుంది. సరిగ్గా స్టార్ట్ అయ్యేటప్పుడే డిస్క్ మోటారు, ఫ్యాన్లు, ప్రాసెసర్ అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. 12 వోల్టులు ఉండాల్సిన చోట అయిదు శాతం అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అంతకంటే తగ్గినా, ఊగినా ఎక్కడో ఒక అంకె తారుమారవుతుంది. ఆ అంకె ఎక్కడిదైతే ఆ పేరుతో నీలం తెర వస్తుంది. అందుకే రోజుకో కోడ్. కాసేపు నడిచి లోపల వేడెక్కాక అదే కెపాసిటర్ మళ్ళీ సర్దుకుంటుంది.

యాభై అయిదు డాలర్లు పెట్టి, వెనక్కి తీసుకునే షాపులో కొత్త పవర్ సప్లై కొన్నాను. కొనేముందు పాతదాని వాట్లు, సైజు, మదర్‌బోర్డుకి వెళ్ళే ప్లగ్గు ఆకారం ఫోటో తీసుకోండి. కొన్ని బ్రాండ్ల డబ్బాల్లో మామూలువి పట్టవు. తీగలు పీకేముందు కూడా ఫోటో తియ్యండి. నాలుగు స్క్రూలు, ఓ గంట పని. అయిదు పొద్దుళ్ళు, యాభై ఆరు డిగ్రీల చలిలో కూడా, మొదటి నొక్కుకే లేచింది. ఆఖరికి నిర్ధారణ పరీక్ష. పాత పవర్ సప్లై మళ్ళీ బిగించాను. పొద్దున్నే నీలం తెర! క్రాష్ చూసి అంత సంతోషించినదాన్ని నేనొక్కదాన్నేనేమో. కొత్తది మళ్ళీ పెట్టేశాను. పాతది ఎలక్ట్రానిక్స్ రీసైక్లింగ్‌కి ఇచ్చేశాను.

మీరూ డబ్బా విప్పేటట్టయితే కొన్ని జాగ్రత్తలు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. చలికాలంలో ఇక్కడి పొడిగాలికి కార్పెట్ మీద నడిస్తే చాలు, వేళ్ళలోంచి చిటుక్కుమంటుంది. అది మెమరీకి మంచిది కాదు. కార్పెట్ లేని చోట కూర్చుని, ముందు డబ్బా ఇనుముని ముట్టుకోండి. దుమ్ముకి వాక్యూమ్ క్లీనర్ వద్దు, గాలి డబ్బా వాడండి. ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి ఊదండి. మెమరీ కడ్డీ కాంటాక్టుల్ని మన ఊళ్ళో షాపుల్లో రబ్బరుతో రుద్దుతారు, కానీ వాటి మీది బంగారు పూత చాలా పల్చన. ఫార్మసీలో దొరికే 91 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడిచి ఆరనిస్తే చాలు. పవర్ సప్లైని మార్చండి గానీ, దాని మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది.

మీ కంప్యూటర్ జబ్బు ఇదే కాకపోవచ్చు. రోజూ గడియారం తప్పు చూపిస్తుంటే రెండు మూడు డాలర్ల సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. షట్‌డౌన్ చేసి పెడితే పడిపోయి, రీస్టార్ట్ చేస్తే బాగుంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే సగం నిద్రే, రీస్టార్ట్ ఒక్కటే పూర్తిగా మొదలవడం. ఏదైనా సరే, ఒక్కటి మార్చండి, రెండు రోజులు చూడండి, రాయండి.

ఈ కంప్యూటర్ కలకాలం ఉండదని నాకూ తెలుసు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, మా డబ్బాకి విండోస్ 11 ఎక్కదు. బ్యాంకు పనులు లాప్‌టాప్‌కి మార్చేశాను. ఇది ఇక ఫోటోలకీ వర్క్‌షీట్లకీ మాత్రమే.

నాన్న రికార్డింగులు అమ్మకి, తమ్ముడికి కూడా పంపాను. అమ్మ ఫోన్ చేసి, "నాలుగోదాంట్లో మధ్యలో దగ్గు వినిపిస్తుంది చూడు, అది నాదే" అంది. అది నేను ఇన్నేళ్ళూ గమనించలేదు.

మీ ఇంట్లో కూడా ఏదో పాత డబ్బాలో ఇలాంటి ఫోల్డర్ ఒకటి ఉండే ఉంటుంది. అది లేచినప్పుడే, ఇవాళే, ఇంకో కాపీ తీసుకోండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.