కొండయూట, కడపటి కుళాయి

కొండవాగు ప్రక్కనే పారుచున్నను, వేసవిలో బిందెలతో పల్లమునకు దిగి మరల మిట్ట యెక్కు స్త్రీలను మన అడ్డతీగల మన్యమున చూడనివా రుండరు. ఊరికంటె ఎత్తున ఊట యున్నచోట యంత్రము లేకయే నీరు ఇండ్లకడకు దిగివచ్చును. అట్టి ఏర్పాటులు మన కొండలలో కొన్ని కలవు. అవి చెడుటకు ముఖ్యకారణము గొట్టమును కాలువవలె నెంచుటయే యని నా యభిప్రాయము.

కాలువనీరు అడుగు వాలిన వైపునకే పారును. కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట క్రింది కాలువలు చేయు పని యిదియే. వాలు చాలకున్న ఒండ్రు పేరుకొనును; హెచ్చిన గట్లు కోసికొనిపోవును. ఏ లోపమైనను కంటికి కనబడును.

నిండుగొట్టము తీరు వేరు. ఊటకంటె తక్కువ యెత్తుగల మిట్ట నడుమ నున్నను నీరు దానిని దాటగలదు. కాని మిట్టకొనయందు గాలి చేరి దారి కట్టివేయును. అచట గాలి విడుచు కవాటము, పల్లమున ఇసుక వదలు కవాటము ఉండవలెను. ప్రతి 10 మీటర్ల దిగుడునకు చదరపు సెంటీమీటరుపై దాదాపు 1 కిలో ఒత్తిడి పెరుగును. 80 మీటర్ల దిగువన కుళాయిలన్నియు కట్టివేసిన రాత్రి, 6 కిలోల తరగతి గొట్టము పగిలినచో అమ్మినవానిని నిందింప నేల? నడుమ నొక చిన్న తొట్టి కట్టి నీటిని గాలికి విడిచిన ఆ యొత్తిడి అచటనే తీరును. డొంకరాయి నుండి సీలేరు నీటిని పొల్లూరు విద్యుత్కేంద్రమునకు తెచ్చినవారికి ఒత్తిడియే కావలసినది. కనుక వారు నీటిని మొదట కాలువలో నడిపి, పెద్ద దిగుడును చివర గొట్టములకు విడిచిరి. మనకు కావలసినది బిందెడు నీరు మాత్రమే.

అన్నిటికంటె నన్ను బాధించునది గొట్టపు వెడల్పున చూపు పిసినారితనము. వ్యాసము సగమైనచో, అంత నీటినే పంపుటకు ఒరపిడివలన పోవు ఎత్తు సుమారు 32 రెట్లగును. మిగిలిన రూకలు లెక్కలో కనబడును. ఎండిన గొంతులు ఊరి కొసయిండ్లవి. తొట్టి నిండినంతనే పని నెరవేరినట్లు వ్రాసికొనుట తగదు. నడివేసవిలో, కుళాయిలన్నియు తెరచి, కడపటి కుళాయిక్రింద బిందె నుంచి, అది నిండుటకు పట్టు నిమిషములు లెక్కింపవలెను. పై తరగతుల బాలబాలికలు గడియారముతో ఈ పని చేయగలరు. ఆ లెక్కను నెలనెలా పంచాయతీ పుస్తకమున వ్రాయింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాను.