పాటకు మెరుగులు దిద్దితే మోసమేనా?

1990 నవంబరులో మిల్లీ వనీల్లీ అనే పాప్ జంటకు ఇచ్చిన గ్రామీ అవార్డును వెనక్కి తీసుకున్నారు. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్ తమ ఆల్బంలో అసలు పాడనేలేదని, వేరేవాళ్ల గొంతులకు పెదవులు కదిపారని తేలింది. మన సినిమాల్లో హీరోలూ హీరోయిన్లూ దశాబ్దాలుగా చేస్తున్నది అదే కదా! ఎన్టీఆర్‌కు, ఏఎన్నార్‌కు ఘంటసాల పాడినందుకు మోసపోయామని హాల్లోంచి లేచి వచ్చినవాళ్లు లేరు. పైగా ఏ హీరోకు పాడితే ఆ హీరోనే పాడినట్టుందని బాలును నెత్తిన పెట్టుకున్నాం. రెండుచోట్లా చేసిన పని ఒకటే. ఇక్కడ నేపథ్యగానం అని తెరమీద పేరు వేసి మరీ చెప్పారు, అక్కడ దాచారు.

స్టూడియో సాంకేతికత మీద మనం పెట్టుకునే వాదనలు ఈ తేడాను వదిలేసి యంత్రం చుట్టూ తిరుగుతుంటాయి. ‘ఆ రోజుల్లో ఒకే టేకులో పాడేవారు, ఇప్పుడు ఆటోట్యూన్ ఉంటే ఎవరైనా పాడేస్తారు’ అన్న మాట వినని సంగీతాభిమాని ఉండడు. అందులో కొంత నిజముంది. చెన్నై స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం కలిసి కూర్చుని రికార్డు చేసే కాలంలో చివరి చరణంలో ఒక్క వయొలిన్ తడబడినా అందరూ మళ్లీ పల్లవి ఎత్తుకోవాల్సిందే. ఆ సాధనకు దండం పెట్టాలి. అయితే రికార్డు అన్నది ఏనాడూ కచేరీకి నకలు కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు ప్లేటు మీద పట్టేది సుమారు మూడు నిమిషాలే. తీరిగ్గా విస్తరించాల్సిన రాగాన్ని ఆ కాస్తలో కుదించి, బూరలోకి గట్టిగా పాడాలి. తర్వాత మైకు వచ్చింది. చెవిలో గుసగుసలాడినట్టు పాడినా ఆ గొంతు పెద్ద వాద్యబృందం మీద తేలింది. మైకు లేని కచేరీలో అది జరిగే పనేనా?

కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ ఈ సంగతిని మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు. 1964లో కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. బాఖ్ రాసిన ఎ మైనర్ ఫ్యూగ్ రికార్డింగు గురించి 1966లో తనే రాశాడు. ఆరో టేకు, ఎనిమిదో టేకు రెండూ తప్పుల్లేకుండా వచ్చాయి. ఒకటి మరీ గంభీరం, ఇంకొకటి మరీ హుషారు. ఏది తీసుకున్నా కాసేపటికి విసుగే. దాంతో మొదలూ చివరా ఆరో టేకు నుంచి, మధ్యభాగం ఎనిమిదో టేకు నుంచి తీసి అతికించారు. ఇక్కడ కత్తెర పనిచేసింది తప్పు దాచడానికి కాదు, ఒక్క దఫా వాయించినప్పుడు తట్టని ఆలోచనను వినిపించడానికి.

మనకూ అలాంటి పాట ఉంది. ‘ఓ పాపా లాలి’లో బాలు పాడిన ‘మాటే రాని చిన్నదాని’ చరణాల్లో ఊపిరి తీసుకున్న జాడ చెవికి తగలదు. ఒక్క గుక్కలో పాడాడా, ముక్కలుగా పాడి అతికించారా అన్న వాదన ఇప్పటికీ తెగదు. ముక్కలుగానే పాడాడనుకుందాం, పోయిందేమిటి? ఆ పరుగులో మాట నలగకుండా, శ్రుతి చెదరకుండా, ప్రేమ ఒలికించింది ఏ కత్తెరా కాదు. ఊపిరి బిగబట్టే పందెమే కావాలంటే దానికి పాటెందుకు, స్టాప్‌వాచ్ చాలు.

మరి గీత ఎక్కడ గీయాలి? 1952లో ఫుర్ట్‌వెంగ్లర్ నిర్వహణలో లండన్‌లో రికార్డయిన ‘ట్రిస్టాన్’ ఒపెరాలో నాయిక పాత్ర పాడింది కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్. అప్పటికామెకు యాభయ్యారేళ్లు. పైస్థాయి సి స్వరాలు అందుకోవడం కష్టమైతే, వాటి మట్టుకు ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ పాడింది. గంటల తరబడి సాగే ఒపెరాలో అవి క్షణాల ముచ్చట. ఆ సంగతి చెప్పకుండానే రికార్డు అమ్మారు. కొలత వేస్తే గౌల్డ్ కత్తిరించిందే ఎక్కువ. అయినా నా లెక్కలో ఆయనది కళ, ఇది చిన్నపాటి మోసం. బయటకు పొక్కాక నొచ్చుకున్నదీ ఫ్లాగ్‌స్టాడే.

పోటీల్లోనైతే ఆ గీత ఇంకా స్పష్టం. 2010లో బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ వాళ్లు ఆడిషన్ పాటలకు ప్రసారానికి ముందే శ్రుతి దిద్దారని ప్రేక్షకులు పట్టేశారు. నిర్వాహకులు ఒప్పుకోక తప్పలేదు. గొంతును చూసి మార్కులేసే చోట గొంతునే మార్చి వినిపిస్తే ఇంక పోటీ ఏముంది? టికెట్టు కొని లైవ్ షోకు వచ్చినవాడికి ముందే రికార్డు చేసిన గొంతు వినిపిస్తూ మైకు పట్టుకుని గెంతడమూ ఆ కోవలోదే. మన స్టేజీల మీద ఇది కొత్తేం కాదు, అడిగేవాళ్లే తక్కువ.

స్టూడియో పాటలో శ్రుతి దిద్దడం మోసం కాదని ఇంత చెప్పినా, దానివల్ల నష్టం లేదని అనను. చమురు నిక్షేపాల కోసం భూకంప తరంగాలను విశ్లేషించే పని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్, ఆ గణితాన్నే గొంతుకు మళ్లించి 1997లో ఆటోట్యూన్ తెచ్చాడు. మామూలు అమరికలో దానికి తెలిసింది పియానో మెట్లే. గాయకుడు తోడి రాగంలో గాంధారం పట్టుకున్నాడనుకోండి. ఆ స్వరం ఒకచోట నిలవదు, కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ తెరమీద ఆ ఊపు అలలా కనిపిస్తుంది. బిగువు పెంచి వదిలేస్తే యంత్రం ఆ అలను మెట్లుమెట్లుగా నరుకుతుంది. తెరమీద గీత ముచ్చటగా చదునవుతుంది, రాగం మాత్రం చచ్చిపోతుంది. చెవి ఉన్న ఇంజినీరు గమకాల జోలికి పోడు. నిలబెట్టిన స్వరం కాస్త కిందికి జారితే దాన్ని మాత్రం చేత్తో పైకి లాగుతాడు. తీరిక లేనివాడు పాటంతటికీ ఒకే అమరిక పెట్టేస్తాడు. ఈమధ్య పాటలన్నీ ఒకే గొంతు పాడినట్టున్నాయని పెద్దవాళ్లు విసుక్కుంటే, ఆ విసుగులో చాదస్తం పాలు తక్కువే.

ఇప్పుడు గొంతునే పుట్టించే కృత్రిమ మేధ వచ్చింది. 2024లో ‘లాల్ సలామ్’ కోసం ఎ.ఆర్. రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను ఈ పద్ధతిలో మళ్లీ పాడించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని బయటకే చెప్పారు. అదే ఏడాది, ‘కీడా కోలా’ సినిమాలో తన తండ్రి బాలు గొంతును అనుమతి లేకుండా పుట్టించి వాడారంటూ ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. రెండుచోట్లా వాడింది ఒకే తరహా సాంకేతికత. తగాదా వచ్చింది అడగని చోటే. కుటుంబాన్ని అడగడంతో పాటు వినేవాడికి చెప్పడమూ జరగాలి. గాయకుల పేర్లు వేసే చోట, యాప్‌లోనైనా తెరమీదైనా, ఈ గొంతు యంత్రంతో పుట్టించిందని మరో లైను చేర్చడానికి నిర్మాతలకు పైసా ఖర్చు లేదు. ఆ లైనును తప్పనిసరి చేయమని గాయకుల సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి.