మడ్‌గార్డు మీద సొట్ట

కిందటి సంచికలో బంగారు నగల మీద బ్యాంకులిచ్చే అప్పుల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒక సోదరి, "ఎప్పుడూ వడ్డీలూ వాయిదాలేనా అన్నగారూ, సరదాగా ఏదైనా రాయకూడదా?" అని నిష్ఠూరమాడారు. సరే తల్లీ, ఈసారీ బంగారం ఊసే కాని అప్పుల గొడవ లేదు. పాత కార్లేసుకుని కోలార్ బంగారు గనుల ఊరికి షికారు వెళ్ళొచ్చిన సంగతి చెబుతాను.

పాత కార్ల సరదా అంటే రాజులకూ జమీందార్లకూ చెల్లిందని చాలాకాలం అనుకునేవాణ్ణి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూసినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. బెంగళూరులో ఇలాంటి కార్లవాళ్ళకు పేరున్న సంఘాలున్నాయి. నేను చేరింది వాటిలో కాదు. మా బృందానికి పేరూ లేదు, బోర్డూ లేదు, చందా అసలే లేదు. ఒక పళ్ళ డాక్టరు, ఒక వకీలు, ఒక పూల వ్యాపారి, ఇద్దరు రిటైరైన ఇంజనీర్లు, ఇలా తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది బండ్లు. రెండు మోరిస్ మైనర్లు, మూడు ఫియట్లు, ఒక తొలినాటి అంబాసిడరు, ఒక ఆస్టిన్, ఒక విల్లీస్ జీపు, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి. రెండు నెలలకొక ఆదివారం తెల్లవారుజామునే ఎక్కడికో ఒకచోటికి పోవడం, టిఫిన్లు తినడం, ఎవరి బండికి ఏ సామాను కావాలో, అది ఏ గుజిరీలో దొరుకుతుందో చెప్పుకోవడం, చీకటి పడకముందే ఇల్లు చేరడం. సభ్యుల ఇళ్ళల్లో పెళ్ళయితే పెళ్ళికొడుకు ఊరేగింపుకు బండి ఉచితం. పెట్రోలు మాత్రం పెళ్ళివారిదే.

నేను బి.కాం. చదివినవాణ్ణి. బండి కొన్నరోజు నుంచే దాని విలువ తరుగుతుందని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. ఏటా మిగిలిన విలువలో ఇంత శాతమని కొట్టేసుకుంటూ పోతే అంకె చిన్నదవుతూనే ఉంటుంది, సున్నా మాత్రం కాదు. ఆ రోజుల్లో అదేదో లెక్కల చమత్కారం అనుకున్నాను.

మాది 1966 మోడల్ ఫియట్ 1100. నిజానికి మాది కాదు, నాయనది. 1983లో ఊరొదిలి పోతున్న ఒక గనుల ఆఫీసరు దగ్గర కొన్నారు. నాయన అప్పటికి గనుల స్టోర్సులో గుమాస్తా. మా వీధిలో అందరికీ సైకిళ్ళు, ఒకరిద్దరికి స్కూటర్లు. "గుమాస్తాకు కారేందప్పా?" అని నవ్వినవాళ్ళే రాత్రిపూట అవసరమొస్తే మా తలుపు తట్టేవారు. 1999లో నాయన రిటైరయ్యారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికే మేము బెంగళూరు వచ్చేశాం. బండి మాతోనే వచ్చింది. నాయన మాత్రం ఆ తరవాత ఒక్కసారైనా కె.జి.ఎఫ్. వైపు పోలేదు. "ఊరికి పోయొద్దాం రా నాయనా" అంటే, "యాడుండాది ఊరు?" అనేవారు. అక్కడితో మాట ఆగిపోయేది.

ఇప్పుడు ఆయనకు ఎనభై నాలుగు. బండికి అరవై సమీపిస్తోంది. మొన్నటి ఉగాదికి మా వకీలు గారు ఒక మాట చెవిలో వేశారు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్ల కోసం కొత్త నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న కారునో స్కూటరునో వింటేజ్ బండిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. రుసుము ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తరవాత పునరుద్ధరణకు ఐదు వేలు. నంబరులో "వి ఏ" అన్న ప్రత్యేక అక్షరాలు వస్తాయి. మామూలు బండికైతే పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకొకసారి తనిఖీకి పరుగెత్తాలి కదా, ఇది గౌరవమూ సుఖమూ అని నాకు తోచింది. బ్యాంకువాణ్ణి, పదేళ్ళకు ఒకేసారి అంటే ఆశపడతాను.

ఇందులో ఒక మెలిక ఉంది. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో అయితేనే బయటికి తీయాలి. ఈ సంగతి నాయనకు చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఆకుకూరకు పోగూడదు."

"పోకూడదు నాయనా."

"ఎవురికన్నా బాగలేకపోతే ఆస్పత్రికి?"

"దానికి మన కొత్త కారుంది కదా."

నాయన ఇంకేమీ అనలేదు. దాన్ని నేను ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను. బండి ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద అరచేతి వెడల్పున ఒక సొట్ట ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. తనిఖీకి ముందు అది తీయించేస్తే బాగుంటుందని ఇంజనీర్లిద్దరూ అన్నారు. మా పేటలో టింకరింగు చేసే అబ్బాయికి నాలుగు వేలు అడ్వాన్సు ఇచ్చాను. సోమవారం పని మొదలు. దానికి ముందు ఆదివారం మా బృందం కె.జి.ఎఫ్. యాత్ర. ఎవరూ పిలవకముందే నాయన తెల్లచొక్కా తొడుక్కుని ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆవిడ నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఉదయం ఆరింటికి హొసకోటె దగ్గర కలుసుకున్నాం. మాలో ఒక కట్టుబాటుంది. అందరికంటే నెమ్మదైన బండి ముందు నడవాలి. జీపు అందరికంటే వెనక, తాడు, నీళ్ళ డబ్బాలు, పనిముట్లతో. ముందు ఆస్టిన్ గారు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పెళ్ళినడక నడుస్తుంటే, వెనక లారీలవాళ్ళు మొదట హారన్లు కొట్టి, దగ్గరికొచ్చి చూసి, చెయ్యూపి పోయారు. నరసాపురం దాటుతుండగా, హోండా మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీకి కాస్త ఇవతల, హెరాల్డ్ ఆగిపోయింది.

ఎండాకాలంలో పాత బండ్లకు ఇది మామూలు జబ్బు. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది, కార్బురేటరుకు చుక్క అందదు. మందు కూడా పాతదే. తడిగుడ్డ పంపుకు చుట్టి ఇరవై నిమిషాలు ఊరుకోవడం. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఎథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు పైపులను తినేస్తుందని, గట్టి పైపులు మార్పించుకోమని పళ్ళ డాక్టరు గారు రోడ్డు పక్కనే పాఠం చెప్పారు. పళ్ళ సంగతి కంటే పైపుల సంగతి ఆయనకు బాగా తెలుసునేమోనని నా అనుమానం.

ఆ ఇరవై నిమిషాల్లోనే చింతచెట్టు కింద డబ్బాలు తెరుచుకున్నాయి. చిత్రాన్నం, ఉప్పిట్టు, పూల వ్యాపారి ఇంటి నుంచి ఒబ్బట్లు. మూడు యాత్రలుగా ముక్తసరిగా నమస్కారాలతో సరిపెట్టుకున్న ఆడవాళ్ళు ఆ చెట్టు కింద పుట్టిళ్ళు విచారించుకుని, ఇద్దరికి చింతామణి వైపు చుట్టరికం తేల్చారు. ఏ బండీ ఆగకుండా పోయిన యాత్రలు నాకొకటీ గుర్తులేవు. ఇంగ్లండులో లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా నవంబరులో జరిగే ప్రయాణమూ ఇంతేనట. 1896 నవంబరు 14న, కార్ల వేగం గంటకు నాలుగు మైళ్ళ నుంచి పద్నాలుగు మైళ్ళకు పెంచిన చట్టం వచ్చిన సంబరంలో మొదలైన దారి అది. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో చోటు. అరవై మైళ్ళ దారిలో ఎన్నో ఆగిపోతుంటాయి. తోసుకుంటూ చేరినా ఆనందమే. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964 నుంచి ఢిల్లీలో ఇలాంటి ర్యాలీ నడిపారు. ఆ హంగులేవీ మాకు లేవు. చెట్టుంది, చిత్రాన్నం ఉంది.

కోలారు, బంగారుపేట దాటి కె.జి.ఎఫ్. చేరేసరికి పదిన్నర. ముందుగా సైనైడు గుట్టలు కనిపిస్తాయి, రాయిని పొడిచేసి బంగారం తీశాక మిగిలిన బూడిదరంగు మట్టి. వాటిని చూసి మా పిల్లలు సినిమా పేరు చెప్పి కేకలు పెట్టారు. నాయన వాళ్ళ వైపు తిరిగి, ఇంగ్లండు నుంచి వచ్చిన జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ పని మొదలుపెట్టిందని, 1902లో శివనసముద్రం జలపాతం నుంచి తొంభైకి పైగా మైళ్ళు తీగలు లాగి కరెంటు తెచ్చిందే ఈ గనుల కోసమని, చాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిందని చెప్పారు. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఊరి పేరెత్తని మనిషి. నేను అద్దంలో చూస్తూ బండి నడిపాను.

చాంపియన్ రీఫ్‌లో షాఫ్టు పైన ఇనుప కట్టడం కనబడేచోట బండ్లన్నీ వరసగా నిలిపాం. లోపలికి పోనివ్వరు. పరవాలేదు, మేము పోయింది గనికి కాదు. పావుగంటలో వీధి వీధంతా వచ్చింది. పిల్లల్ని ఎక్కించుకుని మైదానం చుట్టూ తిప్పడం మా బృందం ఆనవాయితీ. జీపుకూ ఆస్టిన్‌కూ పెద్ద క్యూలు కట్టారు. మా ఫియట్‌కు గిరాకీ లేదు. అంబాసిడరు, ఫియట్ అంటే ఈ పిల్లలకు తాతగారింట్లో చూసిన పాత టాక్సీలే.

అప్పుడు చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. అరవై ఐదు దాటుంటాయి, దగ్గుతున్నారు. నాయన వంక చూడలేదు. బండి చుట్టూ తిరిగారు. ముందుకొచ్చి నంబరు పలక చూశారు, తరవాత ఎడమ మడ్‌గార్డు మీద సొట్టలో అరచెయ్యి పెట్టారు. అక్కడే ఉంచి, అరవం కలిసిన తెలుగులో, "ఇది స్టోర్సు అయ్యర బండి కదా? ఆయన ఉండారా?" అని నన్నడిగారు.

నాయన తలుపు తీసుకుని దిగారు.

తరవాత విన్న సంగతి ఇది. 1986లో ఒక వానరాత్రి వాళ్ళమ్మకు గుండెనొప్పి వచ్చింది. ఆయన అప్పట్లో గని లోపల పనిచేసేవారు. ఆంబులెన్సు ఇంకెక్కడికో పోయింది. నాయనను లేపారు. వానలో దారి కనబడక ఆసుపత్రి గేటు రాతిస్తంభానికి మడ్‌గార్డు తగిలింది. దిగి చూసుకోవడానికి కూడా ఆగకుండా లోపలికి పోయారు. ఆమె ఇంకో పదకొండేళ్ళు బతికింది. మరుసటి వారం రిపేరుకు డబ్బులు తెస్తే నాయన తీసుకోలేదట.

ఈ కథ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మకు నాయన చెప్పింది వేరు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఎద్దుబండి తగిలిందని. రాత్రిళ్ళు ఊరివాళ్ళకోసం తిరిగితే అమ్మ కోప్పడేది. ఆ ఎద్దుబండివాణ్ణి అమ్మ చివరిదాకా తిట్టిపోసింది. ఇద్దరు ముసలివాళ్ళూ బండి మీద చెరొక చెయ్యి వేసుకుని అది తలుచుకుని నవ్వుతుంటే మా ఆవిడ కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం బేతమంగళం చెరువు కట్ట మీద భోజనాలు. ఒకప్పుడు గనుల ఊరికి నీళ్ళు పోసింది ఈ చెరువే. ఆ పెద్దాయన కూడా మా ఫియట్‌లోనే వచ్చారు. తంబోలా ఆడాం. మొదటి వరస ఆయనకే వచ్చింది. బహుమతిగా ఒక స్టీలు డబ్బా ఇస్తే, "ఈ వయసులో గెలిచింది ఇదొక్కటే" అని మనవరాలికి పంపించారు. నాయన ఆటలో కూర్చోలేదు. నీళ్ళవైపు చూస్తూ పాత పేర్లు ఒక్కొక్కటే అడుగుతున్నారు. ఆయన జవాబు చెబుతున్నారు. సగం పేర్లకు చెయ్యి పైకి చూపించారు.

తిరుగు ప్రయాణంలో కోలారు దాటేదాకా నాయన మాట్లాడలేదు. ఆ తరవాత అన్నారు: "రేపు ఆ టింకరింగు పిల్లోడు వస్తాడేమో."

"వస్తాడు నాయనా."

"వద్దని చెప్పు."

చెప్పాను. అడ్వాన్సు తిరిగి రాదన్నాడు, రాలేదు. వింటేజ్ దరఖాస్తు ఇంకా నా సొరుగులోనే ఉంది. సొట్టతో సహా అది అసలు రూపం కిందికే వస్తుందని మా వకీలు గారి వాదన, చూడాలి. నాయన మాత్రం గురువారం పొద్దున్న మనవణ్ణి డ్రైవరుగా పెట్టుకుని ఫియట్‌లో ఆకుకూరకు పోయొచ్చారు. నంబరు మారేలోగా ఇంకొన్నిసార్లు పోతారట. వచ్చే యాత్ర ఆవని మీదుగా ముళబాగిలుకు, అక్కడ దోసెలు. పెట్రోలు పైపు మార్పించమని నాకు ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు.