కత్తికి పుట్టినూరు

పాత కత్తులు పోగుచేసే సరదా మనవాళ్లలో తక్కువ. విదేశాల్లో అది పెద్ద వ్యసనమే. అందులో జర్మను వలసల నాటి కత్తుల కోసం వెతికేవారిది ఒక ప్రత్యేకమైన కులం. జర్మనీ 1884లో వలసలు మొదలుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధంతో అన్నీ పోగొట్టుకున్నది. ముప్పై ఏళ్ల కాపురం! అందుకే ఆఫ్రికాలో కొలువు చేసిన ఆ అధికారుల కత్తులు అరుదు. అరుదు గనుక నకిలీలకూ కొదవ లేదు. తెలిసినవాడు పిడి తళుకు చూసి మోసపోడు. పిడి మొదట్లో, అలుగు మీద కొట్టిన ముద్ర చూస్తాడు. చాలావాటి మీద జోలింగెన్ అని కనబడుతుంది. అది కత్తులు చేసే ఊరు.

ఉట్నూరులో కూర్చుని జోలింగెన్ ముచ్చట దేనికంటారా? మనకు దగ్గర్లోనే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రం ఉన్నది. అక్కడి కమ్మరులు రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసలో కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820ల్లో వాయిసీ అనే దొర వెళ్లి చూస్తే, ఇస్పహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు కొలిమి దగ్గరే మకాం పెట్టి, తూకం మొదలు సమ్మెట దెబ్బ దాకా దగ్గరుండి చూసుకుంటున్నాడు! ఆ ఉక్కు పర్షియా చేరి, నీటి అలల వంటి చారలున్న కత్తులయ్యేది. లోకం వాటిని డమాస్కస్ కత్తులన్నది. ఉక్కు మనది, పేరు సిరియాది. మన కమ్మరి ముద్ర ఎక్కడా లేదు మరి.

కనుక అటక మీద తాతల నాటి కత్తి ఉన్నవారికి ఒక మనవి. దసరా పూజకు దించినప్పుడు గరుకు కాగితంతో రుద్దకండి, సాన పట్టించకండి. చారలను నిపుణులు మళ్లీ తేల్చగలరేమో గాని, అరిగిన అక్షరాలు తిరిగి రావు. పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయండి. తోలు ఒరలో ఉంచకండి. తోలు చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. లైసెన్సు సంగతి ఠాణాలో కనుక్కోండి. నూరేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టమూ వర్తిస్తుంది. దాన్ని విదేశాలకు పంపడం నేరం.

పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్క చెబుతాడు. అతనికి కత్తీ ఒకటే, విరిగిన కర్రూ ఒకటే. వాడి తక్కెడలో వేసేముందు, ఇంట్లో పెద్దవారుంటే అడగండి: ఇది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది? చెప్పింది కాగితం మీద రాసి, తేదీ వేసి, దారంతో పిడికి కట్టండి.