పొట్టి సంతకం

నేను బ్యాంకులో చేరిన కొత్తలో, అంటే 1990లలో, లెడ్జర్లు చేత్తోనే రాసేవాళ్లం. ఏదైనా అంకె కొట్టేసి తిరగరాస్తే పక్కన పొట్టి సంతకం పెట్టాలి. అది లేకపోతే ఆడిటరు గారు అక్కడే ఆగిపోయేవారు. అంకె తప్పని కాదు. తెలిసి మార్చారా, పొరపాటున మారిందా అని ఆయన సందేహం. మొన్న దసరా సెలవుల్లో ఆయన మళ్లీ గుర్తొచ్చారు.

ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి, మన సంఘం చందా రసీదుల కోసం సి భాషలో చిన్న ప్రోగ్రాము రాసింది. సభ్యత్వాన్ని బట్టి లెక్క మారాలి కనుక ‘స్విచ్’ వాడింది. ఒక్కో రకం సభ్యులకు ఒక్కో ‘కేస్’. ఇందులో ఒక తిరకాసుంది. కేసు చివర ‘బ్రేక్’ అని రాయకపోతే కంప్యూటరు అక్కడ ఆగదు. కింది కేసులోకి జారి ఆ పనీ చేసేస్తుంది. దీన్నే ఫాల్‌త్రూ అంటారు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించిన నాటి నుంచీ ఇదే పద్ధతి.

కంపైలరు రెండు చోట్ల హెచ్చరించింది. మొదటిది పోషక సభ్యుల దగ్గర. వారికి వార్షికోత్సవ ఆహ్వానం చేర్చాక, కింద ఉన్న శాశ్వత సభ్యుల కేసులోకి జారి పత్రిక కూడా చేర్చాలి.

“ఇది కావాలని చేసిందే నాన్నా. ఈ హెచ్చరికలు రాకుండా ఆపేస్తాను” అంది.

“రెండోది చూశావామ్మా?”

“అదీ అలాంటిదే అయ్యుంటుంది.”

కాదు. విద్యార్థి చందా 100 అని రాసి బ్రేక్ మరిచిపోయింది. కింది కుటుంబ కేసు దాన్ని 500 చేసేసింది. ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటూ, నాలుగు తెలుగు మాటల కోసం మన సంఘానికి వచ్చే పిల్లవాడి చేతిలో 500 రూపాయల రసీదు పెడితే? వాడు మొహమాటపడి అడగడు. మళ్లీ రాడు.

హెచ్చరికను ఆపేస్తే కావాలని చేసిందీ, పొరపాటూ రెండూ కలిసి మరుగున పడతాయి. అందుకే ఒక్కోదానికీ జవాబు చెప్పాలి. మరిచిపోయిన చోట బ్రేక్ రాయాలి. కావాలని జారనిచ్చిన చోట ఫాల్‌త్రూ అనే గుర్తు పెట్టాలి. సి23 ప్రమాణంలో దాన్ని జోడు చదరపు బ్రాకెట్లలో రాసి సెమికోలన్ పెడతారు. అదే మన పొట్టి సంతకం! జీసీసీ కంపైలరులో ఈ హెచ్చరిక 2017లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఉంది. మధ్యలో ఏ పనీ లేకుండా రెండు కేసులు వరసగా రాస్తే మాత్రం అది ఏమీ అనదు. అక్కడ ఉద్దేశం తెలుస్తూనే ఉంది కదా.

లినక్స్ కెర్నెల్ వారు కూడా ఈ హెచ్చరికను 2019లో అమల్లో పెట్టారు. అంతకుముందు పాత కోడులో జారే చోట్లను ఒక్కొక్కటిగా పరిశీలించారు. చాలావరకు కావాలని రాసినవే. వాటి మధ్యే అసలు తప్పులూ బయటపడ్డాయి.

మా అమ్మాయి ఒక చోట బ్రేక్ రాసింది, ఇంకో చోట గుర్తు పెట్టింది. హెచ్చరికలు వాటంతట అవే పోయాయి. విద్యార్థి రసీదు 100కే వచ్చింది.

మీ ఇళ్లలోనూ ప్రోగ్రాములు రాసే పిల్లలుంటారు. తప్పని తేలితే దిద్దమనండి, సరైనదైతే సంతకం పెట్టమనండి. అడిగేవాడి నోరు మాత్రం మూయవద్దనండి.