మంచుబల్లలకు మైనం: ఏ రంగు? ఏ ఇస్త్రీపెట్టె?

ఫిబ్రవరి హాఫ్‌టర్మ్ దగ్గరపడుతోందంటే మనవాళ్ళ ఇళ్ళల్లో రెండు రకాల హడావుడి మొదలవుతుంది. కొందరు ఇండియా టికెట్ల ధరలు చూసి నిట్టూరుస్తుంటారు. ఇంకొందరు అటక మీదనుంచి స్కీలు, స్నోబోర్డులు దింపి దుమ్ము దులుపుతుంటారు. ఒకప్పుడు ఈ రెండో జట్టులో మన తెలుగువాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు కనిపించేవారు. టామ్‌వర్త్‌లో 1994లో, మిల్టన్ కీన్స్‌లో 2000లో, హెమెల్ హెంప్‌స్టెడ్‌లో 2009లో కప్పు కింద మంచు పరిచిన వాలులు వచ్చాక పరిస్థితి మారింది. శనివారం పొద్దున తెలుగు బడి, మధ్యాహ్నం స్కీయింగ్ అన్నట్టుంది మన పిల్లల పని!

దానితోపాటు నాకు ఫోన్లూ పెరిగాయి. "అన్నా, స్కీలకు ఇంట్లోనే వ్యాక్స్ పెట్టుకోవచ్చటగా, ఏది కొనమంటావు? మా అమ్మ ఇండియా నుంచి తెచ్చిన ఇస్త్రీపెట్టె ఉంది, దానితో కానిచ్చేయొచ్చా?" ఇలా అడిగేవాళ్ళందరికీ కలిపి ఈసారి ఈ శీర్షికలో జవాబు చెబుతాను. ముందే ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఫ్లోరిన్ లేని ఒకే ఒక్క 'యూనివర్సల్' మైనం, డిగ్రీలు కనిపించే ఒక ఇస్త్రీపెట్టె. మన కుటుంబాలకు అంతకుమించి అక్కర్లేదు. ఎందుకో వివరంగా చూద్దాం.

'ఎండల దేశంలో పుట్టినవాళ్ళం, మనకెందుకీ మంచు ఆటలు' అనుకునే పెద్దలకు ముందుగా ఒక చిన్న ముచ్చట. నేటి స్లాలమ్ పోటీకి రూపురేఖలు దిద్దిన సర్ ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు పుట్టింది 1888లో, మద్రాసులో! ఆయన 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో జెండాలు పాతించి, వాటి మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీ పెట్టాడు. పిల్లలూ, ఈసారి తాతయ్య 'ఇదేం ఆటర్రా' అంటే ఈ సంగతి చెప్పండి.

అసలు మైనం ఎందుకు?

కేరమ్ బోర్డు మీద పౌడరు ఎందుకు చల్లుతాం? కాయిన్లు చక్కగా జారడానికి. మైనం పనీ అలాంటిదే కానీ, కాస్త తేడా ఉంది. స్కీ అడుగున ఉండేది పాలిథిలిన్ జాతికి చెందిన గట్టి ప్లాస్టిక్. అది మంచు మీద రాసుకుంటూ పోతుంటే ఆ రాపిడి వేడికి మంచు పైపొర కొద్దిగా కరిగి, కంటికి కనిపించనంత సన్నటి నీటిపొర ఏర్పడుతుంది. మనల్ని జారనిచ్చేది ఆ తడే. తడి మరీ తక్కువైతే మంచు పలుకులు అడుగును గీరతాయి. మరీ ఎక్కువైతే రెండు తడి గాజుపలకలు అతుక్కున్నట్టు మంచు స్కీని పట్టేస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు చూశారు కదా, అలా నీరు అంటుకోకుండా చేసేది మైనం.

మైనం అయిపోయిందని ఎలా తెలుస్తుంది? స్కీని తిరగేసి చూడండి. చలికాలంలో మన మోచేతుల్లాగా అడుగు తెల్లగా పొడిబారి, ముఖ్యంగా ఉక్కు అంచుల పక్కన గరుకుగా కనిపిస్తే పూత వేయాల్సిన సమయం వచ్చినట్టే. స్కీలు అద్దెకు తీసుకునేవారికి ఈ తలనొప్పి లేదు. ఆ పని అద్దె దుకాణం వాళ్ళే చూసుకుంటారు.

రంగుల గందరగోళం

దుకాణంలోకి వెళితే మైనం బిళ్ళలు హోలీ రంగుల్లా వరసగా పేర్చి ఉంటాయి. దీని వెనక ఉన్న సూత్రం చాలా తేలిక. చలి ముదిరితే మంచు పలుకులు సూదుల్లా గట్టిపడి మెత్తటి మైనంలోకి గుచ్చుకుంటాయి. కనుక చలికి గట్టి మైనం, తడిమంచుకు మెత్తటి మైనం.

చిక్కల్లా ఎక్కడంటే, రంగులు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. నార్వే కంపెనీ స్విక్స్ వరసలో పసుపు పూర్తిగా తడిమంచుకి, ఎరుపు సున్నాకు కాస్త అటూఇటూ, ఊదా మైనస్ 2 నుంచి మైనస్ 8 వరకు, నీలం మైనస్ 6 నుంచి మైనస్ 12 వరకు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన టోకో వరసలోనేమో ఎరుపు అంటే సుమారు మైనస్ 4 నుంచి మైనస్ 12 దాకా! స్నేహితుడు 'ఎరుపు కొను' అన్నాడని ఎరుపు కొనేస్తే ఏ ఎరుపు వస్తుందో మరి? రంగు చూడకండి, పెట్టె మీద డిగ్రీలు చదవండి. అమెరికా సరుకైతే అవి ఫారెన్‌హీట్ కావచ్చు, అది కూడా గమనించండి. పోటీలకు వెళ్ళేవారు మంచు ఉష్ణోగ్రతను థర్మామీటరుతో కొలిచి మరీ మైనం ఎంచుకుంటారు. మనకంత అవసరం లేదు.

మనం వెళ్ళే చోట్లు ఏవో ఒకసారి లెక్క వేసుకుందాం. ఇండోర్ వాలుల్లో గాలి ఏడాది పొడవునా సున్నాకు కొద్ది డిగ్రీల కిందే ఉంటుంది. స్కాట్లండ్‌లో కెయిర్న్‌గార్మ్, గ్లెన్‌షీ, గ్లెన్‌కో, నెవిస్ రేంజ్, లెఖ్ట్... వీటిలో ఎక్కడికి వెళ్ళినా పొద్దున గడ్డకట్టిన మంచు మధ్యాహ్నానికి వానలో తడిసి ముద్దవచ్చు. ఇక ఏడాదికోసారి ఓ వారం ఆల్ప్స్. ఒకే రోజులో రెండు వాతావరణాలు చూసేవారికి ఏ ఒక్క రంగూ పూర్తిగా సరిపోదు. అందుకే యూనివర్సల్ అనమంటున్నాను. పోటీలో అరసెకను తేడా వస్తుందేమో కానీ, సరదాగా జారేవారికి తెలియను కూడా తెలియదు. ఈస్టర్ సెలవులకు ఆల్ప్స్ వెళ్ళే అలవాటుంటే తడిమంచు మైనం ఇంకొకటి చేర్చుకోండి. ఒక జత స్కీలకు పది, పదిహేను గ్రాములు చాలు. 180 గ్రాముల బిళ్ళ కొంటే పది పూతలకు తక్కువ కాకుండా వస్తుంది.

బ్రష్షులతో పేర్చిన ప్లాస్టిక్ వాలుల మీద జారేవారికి ఒక హెచ్చరిక. అక్కడ రాపిడి వేడి ఎక్కువ, మైనం చాలా త్వరగా పోతుంది. కొత్త స్కీలు అక్కడికి తీసుకుపోకండి. చేత్తో రుద్దే మైనం, స్ప్రే మైనం త్వరగా పని కానిచ్చేందుకు బాగుంటాయి గానీ, త్వరగానే అరిగిపోతాయి. ఇంట్లో కొవ్వొత్తి ఉంది కదా అని మాత్రం వాడకండి. అందులో కలిపే రంగులు, సువాసనలు, ఇతర పదార్థాలు ఈ పనికి ఉద్దేశించినవి కావు.

చవగ్గా దొరికే పాత డబ్బాలు వద్దు

ఈ వ్యాసంలో తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఒకప్పుడు ఎక్కువ వేగం కోసం మైనంలో ఫ్లోరిన్ రసాయనాలు కలిపేవారు. ఇవి నాన్‌స్టిక్ దోసెపెనం పూతకు దగ్గరి చుట్టాలు. ప్రకృతిలో ఎంతకాలానికీ విరిగిపోవు గనక వీటికి 'శాశ్వత రసాయనాలు' అని పేరు వచ్చింది. వేడి ఇస్త్రీపెట్టె తగిలితే వీటి ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్వీడన్, నార్వేల్లో పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనాల్లో, స్కీ జట్లకు మైనం పెట్టే నిపుణుల రక్తంలో పి.ఎఫ్.ఓ.ఏ. అనే రసాయనం మామూలు జనంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య కూడా 2023-24 సీజన్ నుంచి ఫ్లోరిన్ మైనాన్ని పోటీల్లో పూర్తిగా నిషేధించింది. ఆ అక్టోబరులోనే ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో ఒక క్రీడాకారిణి స్కీ మీద ఫ్లోరిన్ జాడ దొరికిందని ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు కూడా.

కొత్తగా తయారవుతున్న మైనాల్లో ఫ్లోరిన్ లేనివి సులువుగా దొరుకుతున్నాయి. బెడద అంతా పాత సరుకుతోనే. కార్ బూట్ సేల్‌లోనో, ఆన్‌లైన్ పాతసామాన్ల అమ్మకాల్లోనో 'ఒకప్పుడు చాలా ఖరీదైనది, మీకు కారుచవక' అంటూ ఇస్తారు. పెట్టె మీద 'ఫ్లోరో' అనిగానీ, ఎల్.ఎఫ్., హెచ్.ఎఫ్. అనే అక్షరాలుగానీ ఉంటే దండం పెట్టి వచ్చేయండి. తలుపులు బిగించిన గరాజులో మనతోపాటు పిల్లలు కూడా నిలబడి ఆ గాలే పీలుస్తారు. ఇప్పటికే ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే చెత్తబుట్టలో పడేయకుండా, ప్రమాదకర రసాయనాలు ఎక్కడ అప్పగించాలో మీ కౌన్సిల్‌ను అడగండి.

అమ్మ ఇస్త్రీపెట్టె పనికొస్తుందా?

మైనం రకాన్ని బట్టి ఇస్త్రీపెట్టె వేడి సుమారు 120 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. యూనివర్సల్ రకాలకు ఈ వరసలో కింది భాగం సరిపోతుంది. కచ్చితమైన అంకె పెట్టె మీద ఉంటుంది. ఇప్పుడు బట్టల ఇస్త్రీపెట్టె చూడండి. అంతర్జాతీయ గుర్తుల ప్రకారం ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండు చుక్కలంటే మధ్యస్థం, మూడు చుక్కలంటే ఎక్కువ. మనకు కావలసిన వేడి సరిగ్గా ఒకటో చుక్కకూ రెండో చుక్కకూ మధ్య ఎక్కడో ఉంది! పైగా దాని పలుచటి రేకు త్వరగా కాగి, త్వరగా చల్లారుతుంది. థర్మోస్టాట్ ఆగి వెలిగే ప్రతిసారీ వేడి పైకీ కిందకీ ఊగుతుంది. చొక్కాకు ఆ ఊగులాట తెలియదు. కానీ స్కీ అడుగు ప్లాస్టిక్ కరిగేది 130 డిగ్రీల పైచిలుకులోనే. వేడెక్కువైతే అడుగు కాలి, ఇక మైనం పీల్చుకోదు. స్టీమ్ ఇస్త్రీపెట్టెకైతే అడుగున చిల్లులు కూడా ఉంటాయి. వాటిలో మైనం దూరి మాడుతుంది.

స్కీల కోసమే చేసిన ఇస్త్రీపెట్టెకు చిల్లులు ఉండవు, డిగ్రీల అంకెలు ఉంటాయి, అడుగు మందంగా ఉంటుంది. మన ఊళ్ళో ఇస్త్రీబండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె గుర్తుందా? దాని బరువే దాని బలం. ఒకసారి కాగిందంటే వేడిని అలాగే పట్టి ఉంచుతుంది. ఇక్కడా అదే సూత్రం. కాస్త ఖరీదైనవాటికి సెంటీమీటరు, అంతకుమించిన మందం ఉంటుంది. ఏడాదికి ఐదారుసార్లు వాడేవారికి డయల్ ఉన్న మామూలు రకం చాలు. డిజిటల్ తెర మీద మోజు పడనక్కర్లేదు. అమెరికాలోని బంధువులతో తెప్పించుకుందామనుకుంటే మాత్రం ఆగండి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230.

ఇండియా ఇస్త్రీపెట్టెకు ఆ వోల్టుల బాధ లేదు. చిల్లుల్లేని పాతకాలపు బరువైన రకమైతే స్టీమ్ దానికన్నా మెరుగే. కానీ డిగ్రీలు తెలియవు, వైరు పాతది. ఒకసారి మైనం తగిలాక దానితో మళ్ళీ అమ్మగారి పట్టుచీర మాత్రం ఇస్త్రీ చేయకూడదు! రెండు సీజన్ల దుకాణం ఖర్చులు కలిపి చూసుకుని, స్కీ ఇస్త్రీపెట్టే కొనుక్కోండి. మన సంఘంలో ఇద్దరు ముగ్గురు కుటుంబాలు కలిసి ఒకటి కొన్నా సరిపోతుంది.

పని ఇలా చేయాలి

గరాజు తలుపు తెరిచి పెట్టండి. స్కీల బ్రేకులను మందమైన రబ్బరు బ్యాండుతో పైకి లాగి కట్టండి. స్నోబోర్డుకైతే బైండింగు స్క్రూలు వదులు చేయండి, లేకపోతే వేడికి అడుగున సొట్టలు కనిపించవచ్చు. అడుగును శుభ్రంగా తుడిచి, మైనం బిళ్ళను ఇస్త్రీపెట్టెకు తాకించి పొడవునా చుక్కలు చుక్కలుగా రాల్చండి. పొగ వస్తోందంటే వేడెక్కువని అర్థం. వెంటనే తగ్గించండి.

తర్వాత ఒక కొసనుంచి మరో కొసకు ఎక్కడా ఆగకుండా ఇస్త్రీ చేయండి. దోసె తిప్పడం ఆలస్యమైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు కదా! ఇస్త్రీపెట్టె వెనక బెత్తెడు పొడవున తడి మెరిస్తే సరి. మూరెడు మెరుస్తోందంటే వేడెక్కువైంది, లేదా మీ చెయ్యి నెమ్మదించింది.

అరగంటకు తక్కువ కాకుండా చల్లారనిచ్చి, ప్లాస్టిక్ పలకతో ముందునుంచి వెనక్కి గీకేయండి. 'డబ్బు పెట్టి పూసింది గీకేయడమేమిటి' అని చాలామంది అడుగుతారు. తలకు నూనె పట్టించి, నానాక కుంకుడుకాయలతో రుద్దేయమూ? ఇదీ అంతే. లోపలికి ఇంకిందే మనది, పైన మిగిలింది మంచును పట్టుకుని వేగం తగ్గిస్తుంది. ఆఖరున నైలాన్ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి.

గీకడం, బ్రష్షు పని పెద్ద పిల్లలకు చేతి తొడుగులిచ్చి అప్పగించవచ్చు, ఎంతో ఇష్టంగా చేస్తారు. ఇస్త్రీపెట్టె మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. రాలిన పొట్టును ఊడ్చి చెత్తబుట్టలో వేయండి. సింకులో వేస్తే గొట్టం పూడుతుంది, నేలమీద వదిలేస్తే ఎవరో ఒకరు జారిపడతారు.

సీజన్ అయిపోయాక అటకెక్కించే ముందు ఒక మందపాటి పూత వేసి, గీకకుండా అలాగే ఉంచండి. ఆవకాయ జాడీలో పైన తేలే నూనెలాగా అది అడుగును పొడిబారనివ్వదు. అంచుల మీదకు కూడా రానిస్తే ఈ దేశపు తేమకు ఉక్కు తుప్పు పట్టదు. శీతాకాలం రాగానే గీకి, బ్రష్షు చేస్తే చాలు, స్కీలు సిద్ధం.

వచ్చే సంచికలో ఆ ఉక్కు అంచులకు ఇంట్లోనే పదును పెట్టుకోవడం గురించి. అంతవరకు, క్షేమంగా జారండి!