జ్వరం తగ్గింది.. మాత్రలు మిగిలాయి!
సరిహద్దు పల్లెల్లో యాంటీబయాటిక్స్‌తో చెలగాటం

ధర్మపురి: సాయంత్రం పూట ధర్మపురిలో ఏ మందుల షాపు ముందైనా ఓ పావుగంట నిలబడితే విషయం తెలిసిపోతుంది. డాక్టరు చీటీతో వచ్చేవాళ్లు కొందరు. జలుబు, ఒళ్లు నొప్పులు, ఏదైనా మంచి మాత్ర ఇవ్వమనేవాళ్లు ఇంకొందరు. పోయినసారి వాడిన ఖాళీ అట్ట జేబులోంచి తీసి 'ఇదే ఇవ్వు అన్నా' అనేవాళ్లకూ కొదవ లేదు.

చీటీతో వచ్చినవాళ్లయినా సరిగ్గా వాడుతున్నారా అంటే అదీ అనుమానమే. డాక్టరు తమిళంలో చెబుతారు. మాత్రల అట్ట మీద ఉండేది ఇంగ్లీషు. ఇంట్లో అవ్వకు చెప్పాల్సింది తెలుగులో. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లకు తమిళం రాదని కాదు, బాగానే వచ్చు. చిక్కంతా షాపువాడు కవరు మీద గీసిచ్చే 1-0-1 తోనే. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని చదువు రానివారికీ తెలుసు. ఎన్ని రోజులు వాడాలి, తిన్నాక వేసుకోవాలా, ముందే వేసుకోవాలా, దేనితో కలపకూడదు అన్నవి మాత్రం ఆ మూడు అంకెల్లో ఎక్కడా లేవు.

రెండో రోజుకు జ్వరం దిగుతుంది. పొలం పనికో, బెంగళూరు బస్సుకో పరుగు. మిగిలిన మాత్రలు అల్మారాలోని డబ్బాలోకి చేరతాయి. మరో నెలకు పిల్లాడికి దగ్గొస్తే అవే బయటికొస్తాయి.

ఎందుకింత ఆందోళన?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపే మందు. జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద ఇది పనిచేయదు. అవసరం లేకుండా వాడినా, అరకొరగా వాడినా మందును తట్టుకునే బ్యాక్టీరియా బతికి బట్టకట్టి పెరుగుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ముప్పు గురించి హెచ్చరించారు. తమిళనాడుకు ఇది దూరపు కబురేం కాదు. చివరి అస్త్రంగా దాచుకున్న మందులకూ లొంగని ఎన్‌డీఎం-1 రకం బ్యాక్టీరియా చెన్నై, హర్యానా రోగుల్లో ఉన్నట్టు 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రిక ప్రచురించింది. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగానే 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా.

'కోర్సు పూర్తి చేయాల్సిందే' అన్న పాత మాట మీదా ఇప్పుడు చర్చ నడుస్తోంది. అక్కర్లేని రోజులు వాడినా నష్టమేనని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు వాదించారు. చాలా ఇన్ఫెక్షన్లకు పది రోజుల బదులు అయిదు రోజులే రాస్తున్న డాక్టర్లు ఉన్నారు. అలాగని రోగి తనంతట తాను ఆపేయొచ్చని కాదు. రోజుల లెక్క డాక్టరుదే. ఆపాలనిపిస్తే ముందు ఆయన్నే అడగాలి. క్షయకైతే ఈ చర్చే వర్తించదు, మామూలుగా ఆరు నెలలు వాడాల్సిందే.

పాలతో వేసుకోవచ్చా?

మాత్ర వేడి చేస్తుందని పాలతో మింగేవాళ్లు ఎందరో. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ రకాల మందులను పాలలోని కాల్షియం పట్టేసుకుంటుంది. మందు ఒంటికి పట్టదు. గ్యాస్ మందులు, ఆడవాళ్లకు నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలతోనూ ఇదే ఇబ్బంది. రెండు మూడు గంటల ఎడం ఉండాలి, కొన్నింటికి ఇంకా ఎక్కువే. అన్నట్టు ఈ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ మన తెలుగువాడి పర్యవేక్షణలో వచ్చిందే. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు 1948లో అది వెలుగుచూసింది. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. వెంటనే పడుకుంటే గొంతు కింద పుండు పడే ప్రమాదం ఉంది. మెట్రోనిడజోల్ వాడుతూ టాస్మాక్ వైపు పోవద్దన్నది డాక్టర్లు చెప్పే జాగ్రత్త.

ఓ పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. తర్వాతి పూట దగ్గర పడితే మరిచినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి మింగకూడదు.

పిల్లల పొడి సీసాల దగ్గర పొరపాట్లు ఇంకా ఎక్కువ. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలపాలి, ప్రతిసారీ బాగా ఊపాలి. ఇంట్లో చెంచాలన్నీ ఒకే కొలత కావు కాబట్టి సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి. కలిపిన మందు ఎన్నాళ్లుంటుందో లేబుల్ మీదే రాసి ఉంటుంది. చాలావాటికి గడువు వారమే.

మాత్ర వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే తెల్లారేదాకా చూడొద్దు, 108కు ఫోన్ చేయాలి. గతంలో పెన్సిలిన్ పడకపోతే డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ అంతే. కుప్పంలో ఒకరికి, బెంగళూరులో మరొకరికి, ధర్మపురిలో ఇంకొకరికి చూపించుకునే ఈ ప్రాంతంలో పాత చీటీలు వెంట ఉండటం మరీ ముఖ్యం. మొదటి డాక్టరు ఏం రాశారో రెండో ఆయనకు ఎలా తెలుస్తుంది?

చట్టం ఉంది, కానీ..

2012లో చెన్నైలో వైద్య సంఘాలు సమావేశమై విచ్చలవిడి అమ్మకాలకు అడ్డుకట్ట వేయాలని కోరాయి. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ వంటివి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ జాబితాలో లేని యాంటీబయాటిక్ మాత్రలకూ చీటీ తప్పనిసరే. అట్ట మీది ఎర్రగీతకు అర్థం చీటీ లేనిదే కొనొద్దని. 2016లో కేంద్రం దీనిపై ప్రచారం చేసింది. ఏ భాషా రాకున్నా కంటికి కనబడే గుర్తు అదొక్కటే. కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరిట షాపుల మీద ఆకస్మిక తనిఖీలకు దిగింది.

అయితే తనిఖీలు షాపు గుమ్మం దాకే. అల్మారాలోని డబ్బా దాకా వెళ్లగలిగేది ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలే. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది పక్కనే ఉన్న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. షుగరు మాత్రలు ఇచ్చే చేత్తోనే మిగిలిన యాంటీబయాటిక్స్ ఏమైనా ఉన్నాయా అని తెలుగిళ్లలో తెలుగులో అడిగించడానికి కొత్తగా నిధులేం అక్కర్లేదు. షాపువాళ్లు 1-0-1 పక్కనే '5 రోజులు' అని మరో అంకె వేయడానికి అసలే అక్కర్లేదు.